మేనకోడలికి గోథిక్ నవల: ఏ ప్రతి కొనాలి?

పోయినేడాది మా మేనకోడలి పుట్టినరోజుకు జేన్ ఐర్ నవల కానుక ప్రతి ఒకటి ఇచ్చాను. దళసరి అట్ట, దాని నిండా బంగారు తీగలు, పేజీల అంచులకు ఎర్ర రంగు, లోపల పట్టు రిబ్బను. కాగితం విప్పగానే ఇంటిల్లిపాదీ చేతులు మార్చుకుంటూ చూశారు. నాలుగు నెలలు తిరిగేసరికి 26వ అధ్యాయం, అంటే చర్చిలో పెళ్ళి ఆగిపోయే ఘట్టం, మొత్తానికి మొత్తం ఊడి ఆ అమ్మాయి చేతిలోకి వచ్చేసింది. "అత్తా, పెళ్ళికొడుకు ఒక్కడే కాదు, పుస్తకం కూడా మోసం చేసింది" అని ఫోను చేసింది.

తను ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో తిరుపతి వచ్చి వెళుతుంది. నవలలు చదివేది ఆ బస్సులోనే. అలాంటి పిల్లకు అద్దాల బీరువాలో నిలబెట్టుకునే పుస్తకం కొనిచ్చాను. తప్పు కంపెనీది ఎంతో నాదీ అంతే. అందుకే దాని పేరు ఎత్తను.

ఈసారి ఎమిలీ బ్రాంటీ నవల వుదరింగ్ హైట్స్ కావాలంది. సరే, ఈ దఫా మోసపోకూడదని రెండు నెలల పాటు దొరికిన ప్రతినల్లా చేత్తో పట్టుకుని, తిప్పి, వాసన చూసి మరీ పరీక్షించాను. మా వదినకు ఇదంతా వింతగా తోచింది. పాడుబడ్డ బంగళాలో ఏడుపులు వినిపించే కథకు వెయ్యి రూపాయలు పోయడమేమిటని ఆవిడ బాధ. రోజూ చంద్రగిరి కోట రాజమహల్ పక్కనే బస్సెక్కే పిల్లకు పాత కోటల కథలు కాక ఇంకేం నచ్చుతాయని నా వాదన. మా గొడవ అలా ఉంచితే, ఇలాంటి కానుక కొనాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని నేను గమనించిన తేడాలు రాస్తున్నాను.

ముందు లోపలి పాఠం

అట్ట చూసి కొనేవాళ్ళకు తట్టని సంగతి ఒకటుంది. ఒకే పేరుతో పక్కపక్కన పెట్టి అమ్మే రెండు ప్రతుల్లో లోపలి పాఠం, అంటే నవల మాటలు, ఒక్కటే కాకపోవచ్చు. ప్రతుల విషయంలో మాయ చేయడం ఈ గోథిక్ కోవకు, అంటే పాత కోటలు, రహస్యాలు, భయాలు నిండిన కథలకు, పుట్టుకతో వచ్చిందే. మొట్టమొదటి గోథిక్ నవలగా చెప్పుకునే ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో 1764లో వచ్చినప్పుడు, ఇది 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకానికి అనువాదం అని ముందుమాటలో చెప్పుకుంది. అంతా కల్పన. పుస్తకం బాగా అమ్ముడయ్యాక, 1765 నాటి రెండో కూర్పులో హొరేస్ వాల్‌పోల్ అది తన రచనేనని ఒప్పుకుని, పేరు కింద 'గోథిక్ కథ' అని చేర్చాడు.

ఇక ఫ్రాంకెన్‌స్టీన్ సంగతి. 1818లో రచయిత్రి పేరు లేకుండా 500 ప్రతులు అచ్చయ్యాయి. 1831లో మేరీ షెల్లీ దాన్ని బాగా తిరగరాసింది. మొదటి పాఠంలో ఎలిజబెత్ కథానాయకుడికి మేనత్త కూతురు. మనకైతే వరసైన మరదల్ని చేసుకోవడంలో వింతేమీ లేదు. షెల్లీ మాత్రం 1831లో ఆ చుట్టరికం తీసేసి, తల్లీతండ్రీ లేని పిల్లను ఎవరి ఇంట్లోనో చూసి తెచ్చుకుని పెంచినట్టు మార్చింది. ఏ పాఠమో అట్ట మీద చాలామంది వేయరు. దానికి నా చిట్కా: విషయసూచిక తెరవండి. అధ్యాయాలు వరసగా 24 దాకా ఉంటే అది 1831 పాఠం. మూడు సంపుటాలుగా విడిపోయి, ప్రతి సంపుటంలో లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలై 7, 9, 7గా ఉంటే అది 1818 పాఠం. నాకు 1818దే ఇష్టం, అందులో వేడి ఎక్కువ.

వుదరింగ్ హైట్స్ 1847 డిసెంబరులో వచ్చింది. మూడు సంపుటాల్లో మొదటి రెండూ ఇది, మూడోది చెల్లెలు ఆన్ రాసిన ఆగ్నెస్ గ్రే. అచ్చు తప్పులు విపరీతం. మరుసటి ఏడాది ఎమిలీ చనిపోయింది. 1850లో అక్క షార్లెట్ (జేన్ ఐర్ రాసింది ఈవిడే) కొత్త కూర్పు తెచ్చింది. అచ్చు తప్పులు దిద్దడంతో ఆగకుండా పేరాలు కలిపింది. పనివాడు జోసెఫ్ మాట్లాడే మొరటు యార్క్‌షైర్ మాండలికం ఇంగ్లండు దక్షిణాది వాళ్ళకు అర్థం కాదని దాన్ని కాస్త నున్నగా చేసింది. అక్క ప్రేమ అర్థం చేసుకోదగ్గదే. కాని చిత్తూరు జిల్లా ముసలాయన మాటను కోస్తా యాసలోకి దిద్దితే మనకెలా ఉంటుంది? ఈనాటి మంచి ప్రతులు 1847 పాఠాన్నే తీసుకుని అచ్చు తప్పులు మాత్రం సరిచేస్తాయి. 'పాఠం గురించి' అని ఒక పేజీ ఉందో లేదో చూడండి. ఆ పేజీ లేని పుస్తకం ఎంత మెరిసినా నేను పక్కన పెడతాను.

సంక్షిప్త ప్రతుల బెడద వేరు. పిల్లల కోసం కుదించిన కథను కానుక అట్టలో పెట్టి అమ్మేవాళ్ళున్నారు. జేన్ ఐర్‌కు 38 అధ్యాయాలు, వుదరింగ్ హైట్స్‌కు 34, డ్రాక్యులాకు 27 ఉండాలి. మామూలు సైజులో జేన్ ఐర్ 200 పేజీలే ఉందంటే మిగతాదంతా ఎవరో మింగేశారన్న మాట.

తర్వాత వీపు

నన్ను మోసం చేసింది పుస్తకం పై అంచున, వీపు (కాగితాలన్నీ కలిసే వైపు) దగ్గర కనిపించే చిన్న చారల గుడ్డముక్క. అది ఉంటే కుట్టు బైండింగ్ అనుకునేదాన్ని. ఒకప్పుడు దాన్ని నిజంగానే పుస్తకంతో కలిపి దారంతో అల్లేవారట. ఇప్పుడు ఎక్కువగా గజాల లెక్కన కొనుక్కొచ్చి జిగురుతో అంటిస్తారు. అలంకారం, అంతే.

అసలు పరీక్ష ఇలా చేయాలి. పుస్తకం మూసి పట్టుకుని పై అంచును కంటి దగ్గరకు తెచ్చుకోండి. కుట్టిన పుస్తకమైతే ఫారాలు, అంటే మడతపెట్టిన కాగితాల కట్టలు, చిన్న చిన్న విల్లుల్లా గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఒక ఫారం మధ్యకు తెరిస్తే మడతలో దారం పోగులు కంటపడతాయి. జిగురు బైండింగ్ అయితే కాగితాలన్నీ ఇటుకలా ఒకే ముద్దగా ఉంటాయి. దాన్ని నడిమికి తెరిచి బల్ల మీద వదిలితే తనంతట తనే మూసుకుంటుంది. మూసుకోకుండా గట్టిగా అదిమామా, వీపు మీద గీత పడుతుంది. ఆ గీత దగ్గరే కొన్నాళ్ళకు కాగితాలు ఊడతాయి. మా పిల్ల పుస్తకంలో గీత సరిగ్గా పెళ్ళి దగ్గర పడింది, ఉత్కంఠకొద్దీ అదిమి పట్టుకుని ఉంటుంది.

లోపలి అంచు కూడా చూడాలి. వీపు వైపు ఖాళీ తక్కువగా ఉంటే ప్రతి పంక్తి చివర లోయలోకి తొంగిచూసినట్టు చదవాలి. పెద్ద నవలను తక్కువ పేజీల్లో ఇరికించిన చోటల్లా ఈ బాధ తప్పదు.

ఏ రకం ఎవరికి

అయిదు వందల లోపు బడ్జెట్ అనుకుంటే మన దేశంలో అచ్చయ్యే డీలక్స్ హార్డ్‌బౌండ్లు ఉన్నాయి. ఢిల్లీలోని ప్రకాశ్ బుక్స్ వాళ్ళ ఫింగర్‌ప్రింట్ లాంటివి. ఇచ్చే క్షణంలో వీటిని మించిన ఆర్భాటం లేదు. వివరణలు, పీఠికలు పెద్దగా ఆశించవద్దు. ఇంటర్ పిల్లకు మొదటి క్లాసిక్‌గా ఇవ్వడానికి పనికొస్తాయి. సాహిత్యం చదువుకునే పిల్లకైతే చాలవు.

మాక్‌మిలన్ కలెక్టర్స్ లైబ్రరీ వాళ్ళవి అరచేతిలో ఇమిడేవి. ఎత్తు సుమారు 15 సెంటీమీటర్లు, గుడ్డ అట్ట, మూడు వైపులా బంగారు అంచు, రిబ్బను. బస్సు ప్రయాణానికి ఇంతకంటే మంచిది కనపడలేదు. హ్యాండ్‌బ్యాగులో టిఫిను డబ్బా పక్కన ఒదిగిపోతుంది. అక్షరం మాత్రం చిన్నది. నాలాంటి నలభై దాటిన కళ్ళు బస్సు కుదుపులో రెండు పేజీలకే మొరాయిస్తాయి. ఇరవై రెండేళ్ళ కళ్ళకు ఇబ్బంది లేదు. జేన్ ఐర్ లాంటి లావు నవలకన్నా పొట్టి నవలలకు ఈ సైజు బాగా నప్పుతుంది.

పెంగ్విన్ క్లాత్‌బౌండ్ క్లాసిక్స్ ఇప్పుడు కానుకల రాణి. 2008లో మొదలైన వరస, డిజైన్ కోరలీ బిక్‌ఫర్డ్-స్మిత్‌ది. నవలకు సంబంధించిన ఒక చిన్న బొమ్మను అట్ట నిండా చీర అంచు బుటాల్లా పరుస్తుంది. బీరువాలో నాలుగు వరసగా నిలబెడితే కళ్ళు అక్కడే ఆగుతాయి. అందం ఒక్కటే కాదు, పెంగ్విన్ క్లాసిక్స్ పేపర్‌బ్యాక్‌లో ఉండే పీఠిక, వివరణలు ఇందులోనూ ఉంటాయి. ఈ సంగతి చాలామందికి తెలియక అట్ట కోసమే కొంటున్నారు. ఒక లోటు: బొమ్మను గుడ్డ మీద వేడి రేకుతో అద్దుతారు, చేతి రాపిడికి అది మెల్లగా అరిగిపోతుంది. చెమటపట్టే చేతులు, మే నెల తిరుపతి, రోజూ బస్సు... లెక్క మీరే వేసుకోండి. ఇంట్లో కూర్చుని చదువుకునేవాళ్ళకు నిరభ్యంతరంగా ఇవ్వచ్చు.

ఎవ్రీమన్స్ లైబ్రరీ నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా ఇష్టం. 1906లో జోసెఫ్ డెంట్ మొదలుపెట్టిన వరస, 1991లో మళ్ళీ కొత్తగా వచ్చింది. కుట్టు బైండింగ్, గుడ్డ అట్ట, ఆమ్లం లేని కాగితం. బల్ల మీద తెరిచి పెడితే పెంపుడు పిల్లిలా చదునుగా పడుకుంటుంది. పీఠిక, రచయిత్రి కాలానికి సంబంధించిన పట్టిక ఉంటాయి. పంక్తి పంక్తికీ వివరణలు మాత్రం ఉండవు. మెరుపులు లేకపోవడం వల్ల విప్పిన వెంటనే ఎవరూ 'ఆహా' అనరు. పదేళ్ళ తర్వాత అంటారు.

ఫోలియో సొసైటీ పుస్తకాలు వేరే లోకం. 1947లో లండన్‌లో మొదలైన సంస్థ. అట్టపెట్టె, ప్రత్యేకంగా వేయించిన బొమ్మలు, మందపు కాగితం. పౌండ్లలో ధర, పైన రవాణా. పెళ్ళి కానుకకో, డాక్టరేటు వచ్చిన సందర్భానికో అయితే ఆలోచించవచ్చు. బస్సులో తీసుకెళ్ళమని ఇస్తే ఆ పిల్ల పుస్తకాన్ని చదవదు, కాపలా కాస్తుంది.

తోలు అట్టల మాట ఒక్క ముక్కలో తేల్చేస్తాను: మన ఊళ్ళకు వద్దు. తక్కువ ధరకు దొరికేవాటిలో ఎక్కువ భాగం బాండెడ్ లెదర్, అంటే తోలు పొట్టును జిగురుతో కలిపి వత్తిన పొర. మన ఎండకు అంచులు పెచ్చులు లేస్తాయి, కార్తీకం వానలకు బూజు పడుతుంది.

బొమ్మల ప్రతుల మీద నాకు కొంచెం అనుమానం. వుదరింగ్ హైట్స్ నాయకుడు హీత్‌క్లిఫ్ ముఖం ఎలా ఉంటుందో ఇంకొకరు గీసి చూపించడం నాకు నచ్చదు. దీనికి మినహాయింపు ఫ్రిట్జ్ ఐకెన్‌బర్గ్. 1943లో రాండమ్ హౌస్ కోసం జేన్ ఐర్, వుదరింగ్ హైట్స్ రెండింటికీ చెక్క మీద చెక్కి వేసిన బొమ్మలు ఆయనవి. గాలికి వంగిన చెట్టు, దాని కింద మనిషి. నలుపు తెలుపుల్లోనే ఆ బయలు గాలి చప్పుడు వినిపిస్తుంది. పాత పుస్తకాల మార్కెట్లో ఆ జోడీ కనపడితే, వీపు బాగుంటే, బేరమాడకుండా కొనండి. ఫ్రాంకెన్‌స్టీన్‌కైతే 1934 నాటి లిండ్ వార్డ్ చెక్కడాలున్న ప్రతి వెతకదగ్గది.

సెట్ల జోలికి పోవద్దని నా సలహా. 'గోథిక్ ప్రేమకథలు' అని పెట్టెలో అయిదు పెట్టి అమ్మేవాటిలో ఫ్రాంకెన్‌స్టీన్, డ్రాక్యులా తప్పక ఉంటాయి. గొప్ప నవలలే, ప్రేమకథలు మాత్రం కావు. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో నాలుగు సంపుటాలుగా రాసిన ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో అసలు ఈ కోవకు పెద్దమ్మ లాంటిది, అది ఈ పెట్టెల్లో నా కంటపడలేదు. పెట్టెలో అయిదుంటే రెండే చదువుతాం, మూడింటిని మోస్తాం.

రెబెకా కూడా ఆ చవక సెట్లలో కనపడదు. దానికి కారణం చట్టం. 1938లో నవల రాసిన డాఫ్నీ డ్యు మోరియే 1989లో చనిపోయింది. మన దేశంలో రచయిత మరణానంతరం 60 ఏళ్ళు కాపీరైట్ హక్కు ఉంటుంది కనుక 2049 చివరి దాకా ఇష్టమొచ్చినవాళ్ళు అచ్చు వేయడానికి లేదు. బ్రిటన్‌లో విరాగో వాళ్ళ ప్రతి నమ్మకమైనది. ఎక్కడైనా ఊరూ పేరూ లేని ప్రచురణకర్త రెబెకా డీలక్స్ ప్రతి రెండు వందలకు అమ్ముతుంటే అనుమానించండి.

కొనడం, కాపాడుకోవడం

మన ఊళ్ళో పుస్తకాల షాపు అంటే పోటీ పరీక్షల గైడ్లు, భక్తి పుస్తకాలు. ఇంగ్లీషు నవలల అర ఒకటి ఉన్నా, కానుక ప్రతులు అరుదు. చేత్తో చూసి కొనాలంటే తిరుపతి, చిత్తూరువాళ్ళు చెన్నైకో బెంగళూరుకో వెళ్ళాలి. చెన్నై మౌంట్ రోడ్డులోని హిగ్గిన్‌బాథమ్స్ 1844 నాటిది. జేన్ ఐర్‌కన్నా మూడేళ్ళు పెద్దదన్న మాట. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ లాంటి చోట పాత ప్రతులూ దొరుకుతాయి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు బొమ్మను నమ్మవద్దు, ఐఎస్‌బీఎన్ (ఒక్కో కూర్పుకు ఒక్కోటిగా ఉండే గుర్తింపు సంఖ్య) 13 అంకెలు సరిపోల్చుకోండి. అదే నవల వేర్వేరు ప్రతులకు వచ్చిన అభిప్రాయాలన్నీ ఒక్కచోట కలిపేస్తారు. 'అద్భుతమైన బైండింగ్' అని ఎవరో రాసింది మీరు కొనే ప్రతి గురించి కాకపోవచ్చు. నవంబరు, డిసెంబరుల్లో తెప్పించుకోకపోతే మరీ మంచిది. ఒకసారి వాయుగుండం పట్టిన వారంలో నాకొచ్చిన పార్సెల్ మూల మెత్తబడి, లోపల పుస్తకం అంచు అప్పడంలా అలలు తిరిగి ఉంది.

ఇంట్లో పెట్టుకునేటప్పుడు గోడకు ఆనించకుండా బీరువాలో నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వెనక పెడితే మా అమ్మ కాలం నుంచీ పురుగు రాలేదు. కలరా ఉండలు వేస్తే పుస్తకం వాసన ట్రంకు పెట్టె వాసన అయిపోతుంది. అట్టపెట్టెలో ఉండే పుస్తకాలను వానాకాలంలో వారానికోసారి బయటకు తీసి గాలి తగలనివ్వాలి.

ఇంతకీ నేనేం కొన్నాను? ఎవ్రీమన్స్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు కౌంటరు దాకా వెళ్ళాను. జోసెఫ్ మాట్లాడిన పేజీ తెరిచి చూస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. వివరణలు లేకుండా ఆ పిల్ల పరీక్షకు ఎలా చదువుతుంది? క్లాత్‌బౌండ్‌లో వివరణలున్నాయి, బస్సు కుదరదు. చివరికి ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ పేపర్‌బ్యాక్ తీసుకున్నాను. 1847 పాఠం ఆధారంగా వచ్చినది, వెనక వివరణలున్నాయి. అట్ట కానుకలా లేదన్నదొక్కటే లోటు.

ఆ లోటుకు మందు యూనివర్సిటీ దగ్గరే దొరికింది. అక్కడ పరిశోధక విద్యార్థుల థీసిస్‌లకు కాలికో గుడ్డ అట్ట వేసి, వీపు మీద బంగారు అక్షరాలు అద్దే బైండింగ్ షాపు ఒకటుంది. పేపర్‌బ్యాక్ పట్టుకెళ్ళాను. ఆయన అలవాటుగా పక్క కుట్టు వేయడానికి దబ్బనం తీశాడు. గబుక్కున ఆపాను. పక్క కుట్టు వేస్తే లోపలి అంచు అర అంగుళం మింగేస్తుంది, ఇక పుస్తకం తెరుచుకోదు. కుట్టు వద్దు, ముందూ వెనకా గట్టి కాగితం అంటించి పైన అట్ట మాత్రం వేయమన్నాను. వీపు ఎప్పటిలా జిగురుదే, కాకపోతే గట్టి అట్ట ఉంటే సంచిలో వంగి విరగదు. ముదురు ఆకుపచ్చ గుడ్డ ఎంచుకున్నాను. కూలి 350 రూపాయలు.

ఆయన రసీదు పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని అడిగాడు.

"వీపు మీద పేరు చెప్పండమ్మా."

"ఎమిలీ బ్రాంటీ."

"డిపార్ట్‌మెంటు?"

"ఇంగ్లీషు."

"ఏ సంవత్సరం సబ్మిషన్?"

"1847."

తలెత్తకుండా రాసుకుని, గురువారం రమ్మన్నాడు.